రోమెల్, మాన్‌స్టైన్: ఎవరు మేలైన సేనాని?

రెండో ప్రపంచయుద్ధంలో హిట్లర్ సేనానులు ఇద్దరు. వారిలో ‘ఎడారి నక్క’ రోమెల్ పేరు అందరికీ తెలుసు. ఎరిక్ ఫాన్ మాన్‌స్టైన్ అంటే ఎవరని అడిగేవారే ఎక్కువ. నన్నడిగితే యుద్ధవిద్యలో రెండోవాడే పెద్ద.

1940లో ఫ్రాన్స్ ఆరు వారాల్లో చేతులెత్తేసింది. అసలు దెబ్బ బెల్జియం వైపున్న ఆర్డెన్ అడవుల గుండా కొట్టాలన్న ఎత్తు మాన్‌స్టైన్‌ది. పైవాళ్లు దాన్ని పక్కన పడేసి అతడిని వేరేచోటికి బదిలీ చేశారు. ఆ ఎత్తు హిట్లర్ చెవిన పడ్డాకే పథకం మారింది. అదే దాడిలో 7వ పాంజర్ (ట్యాంకుల) డివిజన్‌ను రోమెల్ మెరుపులా నడిపాడు. ఒకడు గీసిన దారిలో మరొకడు పరుగెత్తాడన్నమాట.

ఆఫ్రికాలో రోమెల్ సాహసం నిజమే కానీ, సరఫరా లెక్క అతడికి ఎప్పుడూ తలనొప్పిగానే తోచింది. లిబియాలోని ట్రిపోలీ రేవు నుంచి ఈజిప్టులోని ఎల్ అలమీన్‌కు రెండు వేల కిలోమీటర్లకు పైనే. లారీలు మోసుకొచ్చే పెట్రోలులో చాలా భాగం ఆ లారీలే తాగేసేవి. అయినా 1942 జూన్ 21న బ్రిటిష్ సేనల చేతిలో ఉన్న లిబియా రేవు టోబ్రూక్‌ను పట్టాడు. బందీలైనవారిలో మన 11వ భారత బ్రిగేడ్ జవాన్లూ ఉన్నారు. మర్నాడే ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చింది. క్రిమియాలోని సెవాస్తపోల్ రేవును గెలిచిన మాన్‌స్టైన్‌కు అదే హోదా జులై 1న దక్కింది.

అసలు పోలిక ఆ ఏడాది చివర్లో ఉంది. నవంబర్ 3న ఎల్ అలమీన్‌లో అడుగు వెనక్కి వేయవద్దని హిట్లర్ ఆజ్ఞ పంపాడు. రోమెల్ ఒక రోజు తటపటాయించి, మర్నాడు సేనను వెనక్కి మళ్లించాడు. డిసెంబర్‌లో మాన్‌స్టైన్ సేన, స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేనను సోవియట్లు చుట్టుముట్టిన చక్రబంధానికి యాభై కిలోమీటర్ల దూరం దాకా వెళ్లింది. బంధాన్ని ఛేదించుకుని బయటికి రమ్మని లోపల చిక్కిన సేనాని పౌలుస్‌ను సొంత పూచీ మీద ఆదేశించే తెగువ మాత్రం చూపలేదు. హిట్లర్ ఒప్పుకోలేదు, అంతే. పెట్రోలు లేని ఆ సేన బయటపడగలిగేదా అన్నది వేరే వాదం.

1943 మార్చిలో ఉక్రెయిన్ నగరం ఖార్కోవ్‌ను తిరిగి పట్టిన తీరు చూస్తే మాత్రం మళ్లీ మాన్‌స్టైన్‌కే దండం పెట్టాలి. శత్రువును కావాలనే లోపలికి రానిచ్చి పక్కనుంచి కొట్టాడు. రోమెల్ ఖాతాలో అంతటి ఎత్తుగడ నాకు కనబడదు.

క్రిమియా సంగతి దాటవేయలేం. 1941 నవంబర్‌లో ‘యూదు-బోల్షెవిక్’ వ్యవస్థను నిర్మూలించాలన్న ఆదేశం మాన్‌స్టైన్ సంతకంతోనే వెళ్లింది. 1949లో హాంబర్గ్‌లో బ్రిటిష్ న్యాయస్థానం యుద్ధనేరాలకు పద్దెనిమిదేళ్ల శిక్ష వేసింది, తర్వాత దాన్ని పన్నెండుకు తగ్గించారు. అతడు 1953లోనే విడుదలై, పశ్చిమ జర్మనీ కొత్త సైన్యానికి సలహాదారయ్యాడు. రోమెల్ కూడా హిట్లర్ చేరదీసి పెంచినవాడే. అదే హిట్లర్ 1944 అక్టోబర్ 14న అతడి చేత విషం మింగించి, గాయాలతో చనిపోయాడని లోకానికి చెప్పి, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించాడు.