సామాన్యులకు క్రిమినల్ చట్టం: భీమవరం ఆదివారం తరగతులపై సమీక్ష

భీమవరంలో ఒక న్యాయ శిక్షణ కేంద్రం వారు ఆదివారాల్లో, న్యాయవాదులు కానివారి కోసం, క్రిమినల్ చట్టం మూలసూత్రాలపై తరగతులు నడుపుతున్నారు. రుసుము రెండున్నర వేల రూపాయలు. స్పైరల్ బైండింగు చేసిన నోట్సు, మధ్యలో ఒక టీ అందులోనే. రైసు మిల్లులో లెక్కలు, లైసెన్సు కాగితాలు చూసే ఉద్యోగం నాది కాబట్టి మా యజమానే రుసుము కట్టి నన్ను పంపారు. నాతోపాటు బల్లల మీద కూర్చున్నవారిలో రొయ్యల చెరువుల లీజుదారులు, ప్లీడరు గుమస్తాలు, గ్రామ సచివాలయాల మహిళా పోలీసులు, లా మొదటి సంవత్సరం పిల్లలు ఉన్నారు. ఇన్ని రకాల వాళ్లకు ఒకే పాఠం చెప్పి, ఎవరూ ఫోను తీయకుండా కూర్చోబెట్టడం తేలికైన పని కాదు. మొదటి సగం తరగతుల్లో ఆ పని బ్రహ్మాండంగా జరిగింది. రెండో సగంలో జరగలేదు.

మొదటి సగం చెప్పినవారు వృత్తి నుంచి విశ్రాంతి తీసుకున్న పెద్ద ప్లీడరు గారు. ఆయన మొదటి రోజు సెక్షన్ల జోలికే పోలేదు. ఒక మనిషిని నేరస్థుడు అనాలంటే చట్టం నిషేధించిన పని అతను చేసి ఉండాలి, చేసేటప్పుడు మనసులో చట్టం చెప్పిన దోషమూ ఉండాలి, సాధారణంగా ఈ రెండూ కలిస్తేనే నేరం అని మొదలుపెట్టారు. వీటినే కోర్టుల్లో యాక్టస్ రియస్, మెన్స్ రియా అంటారు. చేయవలసిన బాధ్యత ఉన్నవాడు చేయకుండా ఊరుకోవడం కూడా పని కిందికే వస్తుంది. ఇక మనసు సంగతికి వస్తే, కావాలని చేయడం, ఫలితం తెలిసీ చేయడం, పట్టించుకోకుండా చేయడం అన్నవి వేరు వేరు మెట్లు. శిక్ష కూడా ఆ మెట్టును బట్టే ఉంటుంది. ఎందుకు చేశాడన్నది సాక్ష్యంగా పనికొస్తుందే తప్ప నేరాన్ని చెరిపేయదు. కూతురి ఫీజు కోసం దొంగిలించినా అది దొంగతనమే. ఇదంతా ఏ పుస్తకంలోనైనా దొరికేదే కానీ, ప్రతి అంశాన్నీ ఆయన ఒక అసలు కేసు మీద నిలబెట్టి చెప్పడమే ఈ తరగతులకు ఉన్న విలువ.

ఉదాహరణకు మల్కియత్ సింగ్ కేసు. పంజాబు నుంచి అనుమతి లేకుండా వడ్లు బయటికి పంపరాదన్న ఉత్తర్వు అమల్లో ఉన్న రోజుల్లో, 1961లో, వడ్ల బస్తాలతో ఢిల్లీ వైపు పోతున్న లారీని సమాల్ఖా దగ్గర పట్టుకున్నారు. లారీ అప్పటికింకా రాష్ట్ర సరిహద్దు దాటలేదు. డ్రైవరూ క్లీనరూ ఎగుమతికి ప్రయత్నించినట్టా, లేక సన్నాహం మాత్రమే చేసినట్టా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రశ్న. వాళ్లు సరిహద్దు చేరేలోగా మనసు మార్చుకుని వెనక్కి తిరిగే అవకాశం ఇంకా ఉంది కాబట్టి అది సన్నాహమే, ప్రయత్నం కాదు అని 1968లో కోర్టు తేల్చింది. మా పక్కన చెక్‌పోస్టుల దగ్గర ధాన్యం లారీలు బారులు తీరి ఆగడం చూసినవాళ్లమే అందరం. హాల్లో ఒక్కరికీ ఈ కేసు రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. సన్నాహం మామూలుగా శిక్షార్హం కాకపోయినా, బందిపోటు దోపిడీకి సన్నద్ధం కావడం వంటి కొన్నింటిని చట్టం అప్పుడే నేరమంటుందని కూడా ఆయన మరువకుండా చెప్పారు.

తరగతి అంతా లేచి కూర్చున్నది మాత్రం చెరూబిన్ గ్రెగరీ కేసు రోజున. బీహారులో ఒకాయన తన మరుగుదొడ్డిని పొరుగువాళ్లు వాడుతున్నారని విసిగి, అక్కడికి వెళ్లే దారిలో తొడుగు లేని రాగి తీగకు కరెంటు పెట్టాడు. హెచ్చరిక ఏమీ లేదు. పక్కింటావిడ తీగ తగిలి చనిపోయింది. నా స్థలంలోకి చొరబడిన మనిషి, నా ఆస్తిని కాపాడుకునే హక్కు నాది అన్న వాదనను 1963లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. చొరబడినంత మాత్రాన చట్టం ఆ మనిషి ప్రాణానికి రక్షణ తీసేయదని దాని సారం. రాత్రిపూట రొయ్యలు పట్టుకుపోయే దొంగలతో నానా అవస్థా పడుతున్న ఒక లీజుదారు లేచి, “ఏమండీ ప్లీడరుగారూ, బోర్డు పెట్టేసినా తప్పేనాండీ?” అని అడిగారు. ప్లీడరు గారు తొందరపడకుండా, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లను ఆ చెరువు గట్టు మీదే నిలబెట్టి వివరించారు. ఆస్తి కోసం ప్రాణం తీసే దాకా వెళ్లే హక్కు బలవంతపు దోపిడీ, రాత్రివేళ ఇల్లు పగలగొట్టి దూరడం, నివాసానికో సరుకు నిల్వ చేసే కట్టడానికో నిప్పు పెట్టడం, ప్రాణభయమో తీవ్రగాయమో కలిగించే పద్ధతిలో జరిగే దొంగతనం వంటి వాటికే పరిమితం. ఉత్త దొంగతనానికి ఆ హక్కు లేదు. పైగా అవసరానికి మించిన హాని చేయకూడదన్న షరతు ఉంది. తీగకు ఆ లెక్క తెలియదు, వచ్చింది దొంగో, దారి తప్పిన పిల్లవాడో కూడా తెలియదు. బోర్డు పెట్టడం వల్ల నిర్లక్ష్యం కొంత తగ్గినట్టు కనిపించవచ్చు కానీ, మనిషి చావవచ్చునని తెలిసే కరెంటు పెట్టావనడానికి అదే సాక్ష్యం కావచ్చు అని ఆయన అన్నప్పుడు, ఆ లీజుదారు నోట్సు మూసి చాలాసేపు ఆలోచనలో పడ్డారు. నిర్లక్ష్యం వల్ల మరణం అయితే 106వ సెక్షన్, చావవచ్చునని తెలిసీ చేసిన పని అయితే 105వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు. ఎంత దూరమో చూడండి.

సంక్రాంతి బరుల మాట రాకుండా ఈ ఊళ్లో ఏ తరగతీ ముగియదు. కోడికి కట్టిన కత్తి తగిలి చూడవచ్చిన మనిషి చనిపోతే అది ప్రమాదమే కదా, నేరం ఎలా అవుతుందని ఒక విద్యార్థి అడిగాడు. ప్రమాదం అన్న మినహాయింపు, అంటే 18వ సెక్షన్, వర్తించాలంటే చేస్తున్న పని చట్టబద్ధమైనదై ఉండాలి, చట్టబద్ధమైన పద్ధతిలో, తగిన జాగ్రత్తతో చేసి ఉండాలి; పందెమే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమైనప్పుడు ఆ మినహాయింపు గుమ్మంలోనే ఆగిపోతుంది అన్నారాయన. అయితే అంతమాత్రాన అది హత్య అయిపోదు. మనసు ఏ మెట్టు మీద ఉందో మళ్లీ వెతుక్కోవాలి. తాగి ఉన్నానన్న సాకు గురించీ అప్పుడే చెప్పారు. ఎవరో తెలియకుండానో బలవంతంగానో తాగించి, ఏం చేస్తున్నాడో తెలియని స్థితి వస్తే తప్ప, మత్తు మనిషిని కాపాడదు.

హత్యకూ, హత్య కాని నేరపూరిత నరహత్యకూ తేడాను మన రాష్ట్రపు కేసుతోనే చెప్పారు. అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్ల ముఠా తగాదాల్లో ఒక పెద్దమనిషిని బస్సు దగ్గర పట్టుకుని దుడ్డుకర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. మర్నాడు ఆయన చనిపోయారు. కీలక స్థానాల మీద కొట్టలేదు కాబట్టి చంపే ఉద్దేశం లేదన్న వాదనను హైకోర్టు ఒప్పుకుంది. 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చంపాలని అనుకోకపోయినా, మామూలుగా మనిషి చావడానికి సరిపోయే గాయాలను కావాలనే చేస్తే అది హత్యేనంటూ శిక్షను మళ్లీ హత్య కిందికి మార్చింది. రాయవరపు పున్నయ్య కేసుగా దేశమంతటా లా కాలేజీల్లో చదివే తీర్పు ఇదేనట. నేను మాత్రం ఇక్కడే మొదటిసారి విన్నాను.

ఇంత బాగా చెప్పిన మనిషి దగ్గర కూడా నాకు ఒక పెద్ద అసంతృప్తి మిగిలింది, అది నా వృత్తికి సంబంధించినది. మధ్యప్రదేశ్‌లోని ధార్‌లో నథూలాల్ అనే ధాన్యం వ్యాపారి లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, వస్తుందన్న నమ్మకంతో సరుకు నిల్వ చేశాడు. నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు పెట్టారు. ఉత్తర్వును ఉల్లంఘించాలన్న దోషబుద్ధి అతనికి లేదని 1965లో సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. ప్లీడరు గారు కేసును ఇక్కడితో ఆపేశారు. మా మిల్లు వకీలును అడిగితే మిగతా కథ తెలిసింది: ఆ తర్వాత పార్లమెంటు ఆ చట్టాన్నే మార్చింది; 1974 సవరణతో చేరిన 10సి సెక్షన్ ప్రకారం దోషబుద్ధి ఉన్నట్టే కోర్టు ముందుగా అనుకుంటుంది, లేదని సందేహానికి తావు లేకుండా నిరూపించుకోవలసిన భారం నిందితుడిదే. అంటే పూర్తిగా తలకిందులు. ధాన్యం వ్యాపారులు ఇంతమంది ఉన్న డెల్టాలో నథూలాల్ కేసును సగం చెప్పి వదిలేస్తే, చెప్పకపోవడం కన్నా అది ఎక్కువ ప్రమాదం. రుజువు భారం గురించి ఆయన చెప్పిన సాధారణ సూత్రం మాత్రం సరైనదే. నేరాన్ని సందేహానికి తావు లేకుండా ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. మినహాయింపు కోరే ముద్దాయి దాన్ని తాను చూపించాలి కానీ, అంత కఠినమైన కొలతతో కాదు, అదే జరిగి ఉండవచ్చుననిపిస్తే చాలు.

రెండో సగంలో పాఠం చెప్పడానికి వచ్చిన యువ న్యాయవాది తెర మీద పట్టికలు వేసి చదివారు. హత్యకు పాత 302 ఇప్పుడు 103, ఉమ్మడి ఉద్దేశానికి పాత 34 ఇప్పుడు 3లో అయిదో ఉపవిభాగం, నేర ప్రయత్నానికి పాత 511 ఇప్పుడు 62. పోటీ పరీక్షల పిల్లలకు ఇది ఉపయోగమే. మిగతా మాకు నిద్ర. నలుగురు కలిసి చేసిన నేరంలో ఒక్కొక్కరి బాధ్యత ఎంత అన్నది ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న. దానికి పావుగంట కేటాయించారు. మహబూబ్ షా కేసును పేరు చెప్పి దాటేశారు. సింధు నది ఒడ్డున రెల్లు కోసుకుని పడవలో వస్తున్నవారితో తగాదా. తుపాకులతో వచ్చిన ఇద్దరిలో ఒకరు కాల్చిన గుండుకు ఒకరు చనిపోగా, రెండోవాడైన మహబూబ్ షా కాల్చినది మరొకరిని గాయపరచింది. ఇద్దరూ ముందే కలిసి చంపాలనుకున్నట్టు రుజువు లేదని, ఒకేలాంటి ఉద్దేశం వేరు, ఉమ్మడి ఉద్దేశం వేరని 1945లో, అప్పటి ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ అతని మీద హత్య శిక్షను కొట్టేసింది. లంక భూముల్లో రెల్లు మీద, గట్ల మీద కర్రలు లేచిన కథలు ఎరిగిన మనుషుల ముందు ఈ కేసును విప్పి చెప్పి ఉంటే గంట చాలేది కాదు.

నోట్సు ముద్రణ శుభ్రంగానే ఉంది కానీ లోపల పాతది, కొత్తది కలిసిపోయాయి. నిర్లక్ష్యం వల్ల మరణానికి ఒక పేజీలో రెండేళ్లు అని పాత శిక్షే ఉంచేశారు. భారతీయ న్యాయ సంహితలో అది అయిదేళ్ల దాకా పెరిగింది. కొత్త చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిందని రాశారు కానీ, ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుందన్న మాట ఎక్కడా లేదు. రోజూ స్టేషనుకు కాగితాలు పంపే మహిళా పోలీసులకు ముందు కావలసింది అదే. అయిదు వేల లోపు విలువైన వస్తువును దొంగిలించి మొదటిసారి శిక్షపడినవాడు దాన్నో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే సామాజిక సేవే శిక్షగా వేయాలన్న కొత్త ఏర్పాటు గురించి మాత్రం మంచి వివరణ ఇచ్చారు.

తరువాతి బ్యాచి దాళ్వా కోతలు అయ్యాక మొదలవుతుందట. మొదటి సగానికే విడిగా రుసుము పెడితే కళ్లు మూసుకుని చేరమంటాను. ప్రస్తుతం అలాంటి ఏర్పాటు లేదు, అడిగితే ఆలోచిస్తామన్నారు. చెరువుల వాళ్లు, వ్యాపారులు చేరే ముందు పెద్ద ప్లీడరు గారే చెబుతున్నారా అని కనుక్కోవాలి. నోట్సును విడిగా మూడు వందలకు అమ్ముతున్నారు. శిక్షల పేజీలు దిద్దేవరకు దాన్ని కొనడం దండగ.