బెంగళూరు నుంచి ట్రెక్కింగ్: వానాకాలమా, చలికాలమా?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుద్రేముఖ్ కొండలు పచ్చగా నిగనిగలాడతాయి. డిసెంబరుకు గడ్డి ఎండుతుంది గానీ ఆకాశం తేటగా ఉంటుంది.

ఖర్చు: వానల్లో రెయిన్‌కోటు, బ్యాగుకు కవరు, పట్టున్న బూట్లు తప్పవు. చలికి స్వెట్టరు చాలు.

శ్రమ: బురదలో నడక రెట్టింపు అలసట. పైగా జలగలు! సాక్సు మడతలో దూరితే రక్తం కనబడేదాకా తెలియదు. గట్టిగా లాగొద్దు, గోటితో పక్కకు నెట్టాలి. చలికాలంలో ఆ గోల లేదు, నీళ్లు మాత్రం ఎక్కువ మోయాలి.

రిస్కు: సావనదుర్గ లాంటి నున్నటి బండ తడిస్తే ఎక్కనే కూడదు. వాగులూ ఉన్నట్టుండి పొంగుతాయి.

కొత్తవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు డిసెంబరే. మబ్బులు, జలపాతాలు కావాలనుకునే అలవాటున్నవాళ్లు సెప్టెంబరు చివర్లో వెళ్లొచ్చు. జులై మాత్రం నేను ఎవరికీ చెప్పను.