బేలమా, ఎడక్కలా? తిరుపతి నుంచి వెళ్తే ఏది మేలు

తిరుపతిలో ఎవర్నడిగినా గుహలంటే బేలం పేరే చెప్తారు, నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. కానీ పిల్లలకు ఆదిమానవుడు చెక్కిన బొమ్మలు చూపించాలని ఉంటే మాత్రం, దూరం రెట్టింపైనా సరే, కేరళ వయనాడ్‌లోని ఎడక్కల్‌కే వెళ్లండి. రెండూ చూశాకే చెప్తున్నా.

బేలం మనకు దగ్గర. తెల్లవారుజామున కారులో బయల్దేరి కడప, జమ్మలమడుగు మీదుగా వెళ్తే రాత్రికి ఇల్లు చేరొచ్చు. నీళ్లు సున్నపురాయిని తొలుచుకుంటూ పోయిన గుహ అది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. లోపల బాగా ఉక్కపోస్తుంది, మా అమ్మ సగంలోనే కూర్చుండిపోయింది, గుహలో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ దాకా నేనొక్కణ్నే దిగాను. గుహగా చూస్తే దానికి సాటి లేదు, పైకప్పు నుంచి వేలాడే ఆ రాళ్లు చూస్తే నోట మాట రాదు. అయితే అదంతా నీటి పనితనం. అక్కడ పాతకాలపు మట్టిపాత్రలు దొరికాయి గానీ గోడల మీద చెక్కడాల కోసం మాత్రం వెళ్లకండి.

ఎడక్కల్ నిజానికి గుహే కాదు. అంబుకుత్తి కొండ పగిలి, ఆ చీలికలో పైనుంచి ఒక పెద్ద బండ ఇరుక్కుపోయింది, పేరుకు అర్థం కూడా మధ్యలో ఉన్న రాయి అనే. అలిపిరి మెట్లు ఎక్కే అలవాటున్నవాళ్లకు ఆ ఎక్కడం పెద్ద లెక్క కాదు, కాకపోతే చివర్లో ఇనుప మెట్లు ఇరుకుగా ఉంటాయి, జనం ఎక్కువైతే టెన్షనే. లోపలికెళ్లగానే ఏమీ కనబడదు, గోడ నిండా గజిబిజి గీతలంతే. పైనుంచి పడే వెలుతురుకు కళ్లు అలవాటయ్యాక, తల చుట్టూ కిరణాల్లా ఏదో నిలబడ్డ మనిషి బొమ్మ ఒక్కసారిగా తేలుతుంది. మా పాప ఆ బొమ్మనే చూస్తూ చాలాసేపు కదల్లేదు. అవి నవీన శిలాయుగం నాటివంటారు. 1890ల్లో మలబారులో పోలీసు అధికారిగా ఉన్న ఫాసెట్ వీటిని లోకానికి చూపించాడు. ఎన్ని వేల ఏళ్ల కిందటో ఒక మనిషి అంత గట్టి రాతిని అంత లోతుగా గీశాడంటే, ఎంత ఓపిక!

అంత దూరం కుదరనివాళ్లు బేలం ట్రిప్పులోనే ముద్దనూరు దగ్గర చింతకుంట చూడండి. అక్కడివి చెక్కినవి కావు, ఎర్ర జేగురుతో వేసిన బొమ్మలు. దయచేసి చేత్తో తాకొద్దు, నీళ్లు చల్లి చూడొద్దు.

ఎడక్కల్‌కు వెళ్లేవాళ్లు బెంగళూరు మీదుగా పోయి రాత్రికి మైసూరులో ఆగండి, బండీపూర్ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బళ్లు వదలరు. సోమవారం ఎడక్కల్‌కు సెలవు.