అరకు, పాడేరు, లంబసింగి ఘాట్లలో థార్ కొత్త సస్పెన్షన్: కుదుపు తగ్గిందా, పట్టు పెరిగిందా?

విశాఖపట్నం నుంచి అరకు ఎక్కి, పాడేరు మీదుగా వంజంగి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం వైపు దిగడం చలికాలంలో మా ఇంట్లో అలవాటు. ఈసారి మా మూడు డోర్ల మహీంద్రా థార్‌కి కొత్త షాకబ్జర్లు, వెనక స్ప్రింగులు వేయించాక వెళ్లాం. అందుకే ఇందులో బసల గురించి, ఊళ్ల గురించి ఉంటుంది గానీ, ఏ రోడ్డు మీద బండి ఎలా నడిచిందన్నదే ఎక్కువ ఉంటుంది. థార్ ఉన్న స్నేహితులు నన్ను తరచూ అడిగేది ఒకటే: వెనక సీట్లో వాళ్లు ఎగిరిపడకూడదు, ఘాట్ మలుపుల్లో బండి ఒరిగిపోకూడదు, ఈ రెండూ కుదిరే సెట్ ఏదైనా ఉందా అని. ఉంది. కాకపోతే షాపులో అడుగు పెట్టగానే చూపించే సెట్ అది కాకపోవచ్చు.

ముందు బండి సంగతి. 2020లో వచ్చిన ఈ థార్‌కి ముందు చక్రాలు దేనికవే కదులుతాయి. వెనక మాత్రం రెండు చక్రాలకీ కలిపి ఒకటే బరువైన యాక్సిల్ (ఇరుసు). ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపు రెండో వైపుకీ వెళ్తుంది, పైన కూర్చున్నవాళ్ల తలలు పక్కకి ఊగుతాయి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లే. ముందు చక్రాలు స్పీడ్ బ్రేకర్ దిగి బండి కుదురుకునే లోపే వెనక చక్రాలు దాన్ని ఎక్కేస్తాయి. వెనక సీటు ఉండేది దాదాపు ఆ యాక్సిల్ దగ్గరే. స్టీరింగ్ పట్టుకున్నవాడికి బాగానే ఉందనిపించే రోడ్డు మీద వెనకాల మా ఆవిడకి నడుం నొప్పి, పిల్లాడికి వాంతులు. 2024 ఆగస్టులో అయిదు డోర్ల థార్ రాక్స్ తెచ్చినప్పుడు మహీంద్రా ప్రత్యేకంగా చెప్పుకున్నవాటిలో కుదుపు వేగాన్ని బట్టి తనే మెత్తబడే, గట్టిపడే డాంపర్లు, అంటే షాకబ్జర్లు, ఉన్నాయి. మూడు డోర్ల బండికి ఆ సదుపాయం మనమే బయట వెతుక్కోవాలి.

నేను మొదట వెళ్లిన షాపులో రెండంగుళాల లిఫ్ట్ కిట్ తప్ప వేరే మాటే లేదు. బండి ఎత్తుగా, గంభీరంగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఎత్తు పెరిగితే బరువు కేంద్రం కూడా పైకి పోతుంది, మలుపులో ఒరుగుడు పెరుగుతుంది. దాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగులు వేస్తే మళ్లీ వెనక సీటుకే శిక్ష. ముందు యాక్సిల్ షాఫ్టుల జాయింట్లు ఎక్కువ వంపులో తిరగాల్సి వస్తుంది, చక్రాల అలైన్‌మెంట్ మారిపోతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ పొంతన లేకుండా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చిన రోజున ఈ టెన్షన్ ఎందుకు? ఎత్తు మార్చకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను.

రెండోసారి గాజువాక ఆటోనగర్‌లో తెలిసినవాళ్లు చెప్పిన ఒక మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన కేటలాగ్ తియ్యలేదు.

"వెనకాల ఎంత బరువు పెడతారు బాబూ, ఎప్పుడూ ఉంటుందా, అప్పుడప్పుడా?" అని అడిగారు.

"ఊళ్లో తిరిగేటప్పుడు ఖాళీయే మేస్త్రి గారూ. టూర్ వెళ్తే ఇద్దరు మనుషులు, సామాను" అన్నాను.

"అయితే ఆ సామాను వేసుకుని రండి, చూద్దాం" అన్నారు.

మర్నాడు బ్యాగులు, నీళ్ల క్యాన్‌తో వెళ్లాను. చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి ఖాళీ బండిని ఒకసారి, బరువుతో ఒకసారి కొలిచారు. తన కుర్రాళ్లిద్దరినీ వెనక కూర్చోబెట్టి మరీ చూశారు. వెనక దాదాపు 35 మిల్లీమీటర్లు కుంగింది. అంత కుంగితే గుంతలో స్ప్రింగ్ లోపలికి వెళ్లడానికి మిగిలే చోటు తగ్గిపోతుంది, ఆఖర్న రబ్బరు స్టాప్‌కి తగిలి దబ్బుమంటుంది. నేను ఇన్నాళ్లూ "గట్టి సస్పెన్షన్" అనుకున్న దెబ్బల్లో సగం, స్ప్రింగ్ మరీ మెత్తనై అడుగంటిన దెబ్బలేనని ఆ టేపు చూశాకే అర్థమైంది.

స్ప్రింగ్ పని బరువు మోయడం. అది ఒకసారి నొక్కుకుంటే ఆ శక్తిని మళ్లీ పైకి తన్నేస్తుంది. ఆ తన్నుడుని పట్టి వేడిగా మార్చి వదిలేసేది షాకబ్జర్. కాబట్టి స్ప్రింగ్‌ని మనం మోసే బరువుకి తగ్గట్టు ఎంచుకోవాలి, సుఖం, పట్టు రెండూ షాకబ్జర్ దగ్గర వెతుక్కోవాలి. ఇది తిరగబడితేనే డబ్బు దండగ. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి సస్పెన్షన్ బ్రాండ్లు స్ప్రింగుల్ని బరువు తరగతుల ప్రకారం అమ్మేది ఇందుకే. ఖాళీగా తిరిగే బండికి హెవీ స్ప్రింగ్ వేస్తే అది కదలను కూడా కదలదు.

షాకబ్జర్లలో రెండు రకాలు చూశాను. ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉండే ట్విన్ ట్యూబ్ చిన్న గతుకుల మీద మెత్తగా ఉంటుంది, ధర తక్కువ. పాడైన రోడ్డు మీద గంటల తరబడి తోలితే మాత్రం లోపలి ఆయిల్ వేడెక్కి నురగ పట్టి పట్టు సడలవచ్చు. నైట్రోజన్ గ్యాస్ నింపిన రకంలో అది కొంత తగ్గుతుంది. మోనోట్యూబ్‌లో గ్యాస్‌నీ ఆయిల్‌నీ ఒక పిస్టన్ వేరుచేస్తుంది, వేడి తొందరగా బయటికి పోతుంది. బిల్‌స్టీన్ 1957లోనే మెర్సిడెస్ కార్లకి ఇచ్చిన పద్ధతి ఇది. నేను క్లిక్కులతో సర్దుకునే మోనోట్యూబ్ సెట్ తీసుకున్నాను. షాకబ్జర్ మీది నాబ్ తిప్పితే ఒక్కో మెట్టుకీ ఒక క్లిక్, అంకె పెరిగేకొద్దీ గట్టి. వెనక మాత్రం మధ్య తరగతి బరువుకి సరిపోయే స్ప్రింగులు, ముందు కంపెనీవే. బ్రాండ్ పేరు రాయకపోవడానికి కారణం ఉంది: ఒకే కంపెనీలో మోడల్ మారితే స్వభావం పూర్తిగా మారిపోతుంది. పేరు చూసి కొంటే ఉపయోగం లేదు.

బిగింపులో ఒక విషయం నాకు బాగా నచ్చింది. జాయింట్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌ల బోల్టుల్ని బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించలేదు. చక్రాలు నేల మీద ఆనాక, బండి తన బరువు మీద నిలబడ్డాక, మేస్త్రి గారే కిందకి దూరి, ఎంత బిగువు పడుతోందో చూపించే టార్క్ రెంచితో బిగించారు. గాల్లో బిగిస్తే ఆ రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. కొత్త షాక్స్ కిర్రుమంటున్నాయని ఫిర్యాదు చేసే చాలామంది బండ్లలో ముందు ఇది చూడాలి. ఆ తర్వాత అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు, డోర్ మీది స్టిక్కర్ ప్రకారం టైర్ గాలి. గాలి ఎక్కువైతే ఎంత ఖరీదైన సెట్ అయినా కుదుపు పోదు.

ఇక ప్రయాణం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, ఆటోలు. ఇక్కడ క్లిక్కులు మెత్త వైపున మూడో దగ్గర ఉంచాను. ఇదివరకు స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక భాగం రెండుసార్లు ఊగేది. ఇప్పుడు ఒక్కసారి దిగి ఆగిపోతోంది. మా ఆవిడ కొత్తవలస దాటాక గానీ ఏమీ అనలేదు. "ఈసారి ముందు సీటు హ్యాండిల్ పట్టుకోలేదు, గమనించారా?" అంది.

బొడ్డవర దాటి ఘాట్ మొదలవగానే బండి ఆపి రెండు క్లిక్కులు గట్టి చేశాను. ముందు వైపువి చేతికి అందుతాయి, వెనకవాటికి మోకాళ్ల మీద కూర్చోవాలి. ఎడమ, కుడి ఒకే లెక్కలో ఉండాలి. వీటిలో చాలా నాబ్‌లు ఎక్కువగా స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్నే మారుస్తాయి, కాబట్టి మలుపులో బండి ఒరిగే మొత్తం పెద్దగా తగ్గదు. ఒరగడం నెమ్మదిగా, ఒకే ఊపులో జరుగుతుంది. తైడ నుంచి అనంతగిరి దాకా ఎడమ, కుడి, మళ్లీ ఎడమ అంటూ వచ్చే మలుపుల్లో తేడా అక్కడే తెలిసింది. ఒక మలుపు ఊపు తీరకముందే రెండోది వచ్చేస్తే తల తిరుగుతుంది. పిల్లాడు కవర్ అడగకుండా అనంతగిరి చేరాడు. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

లావాటి యాంటీ రోల్ బార్, అంటే ఎడమ, కుడి చక్రాల్ని కలిపే ఉక్కు కడ్డీ, వేయించుకోమని కొందరు సలహా ఇస్తారు. ఒరుగుడు నిజంగానే తగ్గుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద నష్టం లేదు. ఒక్క చక్రం పడే గుంతలో మాత్రం తల ఊపు పెరుగుతుంది. మన్యం రోడ్లలో ఎక్కువగా ఉండేవి ఆ గుంతలే కాబట్టి నేను వద్దనుకున్నాను.

బస విషయంలో కుటుంబంతో వెళ్లేవాళ్లకి నా ఓటు అనంతగిరికే. టూరిజం వారి హరిత రిసార్ట్ కొండ అంచున ఉంటుంది, చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ తోటలు. సాయంత్రం తర్వాత చేయడానికి ఏమీ ఉండదు, అదే దాని సుఖం. అరకులో హోటళ్లు, తిండి, గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ అన్నీ దగ్గర, కానీ చలికాలం శని, ఆదివారాల్లో ట్రాఫిక్ సిటీలాగే ఉంటుంది. ఇదివరకు అరకులో దిగిన ఒక ప్రైవేటు రిసార్ట్‌లో వేడినీళ్లు ఉదయం ఎనిమిదికి అయిపోయాయి, అడిగితే బకెట్‌కి వేరే డబ్బు అన్నారు. డిసెంబర్‌లో వెళ్లేవాళ్లు గది కంటే ముందు గీజర్ గురించి అడగాలి. బొర్రా గుహలకి పొద్దున్నే, జనం రాకముందే వెళ్లండి.

అరకు నుంచి డుంబ్రిగూడ, హుకుంపేట మీదుగా పాడేరు. ఈ దారే నా అసలు పరీక్ష. నున్నటి తారు కొంత దూరం, ఉన్నట్టుండి కంకర, కల్వర్టు పని దగ్గర మట్టి డైవర్షన్. క్లిక్కులు రెండుకి తగ్గించాను. గట్టిగా ఉంచితే వరస గతుకుల్లో స్ప్రింగ్ తిరిగి లేవడానికి సమయం చాలదు, ఒక్కో గతుక్కీ బండి కొంచెం కొంచెం కుంగిపోతూ వస్తుంది, చివరికి అడుగంటుతుంది. మెత్త చేశాక చక్రం రోడ్డుని వదలకుండా నడిచింది. కంకర మీద బ్రేక్ వేస్తే వెనక భాగం పక్కకి జరగలేదు. సుఖం వేరు, పట్టు వేరు అనుకునేవాళ్లు ఇలాంటి రోడ్డు మీద ఒకసారి తోలి చూడాలి. చక్రం నేలని అంటిపెట్టుకుని ఉంటే వెనక సీటుకీ హాయి, స్టీరింగ్‌కీ హాయి.

పాడేరులో ఆగగానే ఒక్కో షాకబ్జర్ గొట్టానికీ వేలు తాకించి చూశాను. ఇది మేస్త్రి గారు చెప్పిన పరీక్ష. పని చేస్తున్న షాకబ్జర్ వేడెక్కుతుంది. వెనక రెండూ ఎక్కువసేపు వేలు ఆనించలేనంత వేడిగా, రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. ఒకటి చల్లగా ఉంటే అది ఆయిల్ కార్చేసి ఊరికే కూర్చుందని అర్థం. పాత షాక్స్ మార్చాలా వద్దా అన్న అనుమానం ఉన్నవాళ్లు డబ్బు పెట్టేముందు ఇది చేసుకోవచ్చు.

పాడేరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైంది. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు ఎక్కువ, కాబట్టి లాడ్జికి ముందే ఫోన్ చేసుకోవాలి. గదులు సాదాగా ఉంటాయి. వంజంగి మేఘాల కోసం తెల్లవారుజామున లేచేవాళ్లకి అంతకంటే అవసరం లేదు. కొండ కింద టెంట్లు కూడా దొరుకుతాయి గానీ చిన్నపిల్లలతో ఆ చలిలో నేను సిఫారసు చేయను. బండి కింద పెట్టి పైకి నడవాలి. పార్కింగ్ చోటు వాలుగా, రాళ్లుగా ఉంటుంది, హ్యాండ్ బ్రేక్‌తో పాటు గేర్‌లో పెట్టి వదలండి.

జి.మాడుగుల మీదుగా చింతపల్లి వెళ్లే దారిలో కొత్తపల్లి జలపాతం దగ్గర కాసేపు. లంబసింగిలో పొగమంచు, స్ట్రాబెర్రీ తోటలు, తాజంగి చెరువు. పేరు పెద్దదైపోయి జనవరి ఆదివారాల్లో నిలబడే చోటు లేదు, మామూలు రోజుల్లో అయితేనే వెళ్లండి.

నర్సీపట్నం వైపు దిగేటప్పుడు మళ్లీ అయిదో క్లిక్. దిగుడులో బ్రేక్ వేసినప్పుడల్లా ముక్కు కిందకి వంగడం ఇదివరకటి కంటే బాగా తగ్గింది. గేర్ తగ్గించి ఇంజిన్ బ్రేకింగ్ మీద దిగితే ఇంకా కుదురుగా ఉంది. తాళ్లపాలెం దగ్గర హైవే ఎక్కాక, వంతెనల జాయింట్ల మీద చిన్న టక్కు టక్కు శబ్దం మాత్రం వినిపిస్తోంది. మోనోట్యూబ్ స్వభావం అది, గ్యాస్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి చిన్న అంచుల్ని పూర్తిగా మింగదు. వెనక ఖాళీగా ఒక్కడినే బీచ్ రోడ్డులో తోలినప్పుడు కూడా వెనక భాగం కాస్త బిగుసుకున్నట్టే ఉంటుంది. ఆ స్ప్రింగులకి ఇచ్చే మూల్యం అది.

అందుకే ఎప్పుడూ ఇద్దరే, ఎక్కువగా సిటీలోనే తిరిగేవాళ్లకి నా సెట్ అక్కర్లేదు. స్ప్రింగుల జోలికి పోకుండా గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబ్ నాలుగు వేయించుకుంటే చాలు, లక్ష దాటే కిట్లలో పెట్టే డబ్బు మిగులుతుంది. బండికి రూఫ్ టెంట్, ఫ్రిజ్, ఇనప బంపర్ శాశ్వతంగా బిగించినవాళ్లకి హెవీ స్ప్రింగులు న్యాయం. మాలాగా వారమంతా ఖాళీ, సెలవులకి నిండుగా వెళ్లేవాళ్లకి మధ్య రకం స్ప్రింగ్, సర్దుకునే షాకబ్జర్.

తిరిగొచ్చాక ఆటోనగర్‌లో బోల్టులన్నీ మరోసారి టార్క్ చూపించాను. ఒక వెనక బోల్టు పావు చుట్టు తిరిగింది. కొత్తగా వేయించుకున్నవాళ్లు మొదటి వెయ్యి కిలోమీటర్ల లోపు ఇది తప్పక చేయించాలి. నాబ్‌ల చుట్టూ గట్టిపడిన కొండ మట్టిని బ్రష్‌తో తీసి కడిగారు, లేకపోతే తర్వాత తిరగవు. వాళ్లు దీనికి వేరే డబ్బు తీసుకోలేదు.