బ్రిటన్‌లో ఒంటరి తల్లికి విచారణ ఉత్తరం వస్తే ఏది మేలు: జవాబులా, మౌనమా, రాతపూర్వక వాంగ్మూలమా?

యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భత్యం ఆసరాతో పిల్లలను పెంచుకుంటున్న ఒంటరి తల్లికి బ్రిటన్ పని, పింఛన్ల శాఖ నుంచి, అంటే అక్కడ అందరూ డీడబ్ల్యూపీ అని పిలిచే శాఖ నుంచి, భాగస్వామితో కలిసి ఉంటున్నట్టు అనుమానిస్తూ ఉత్తరం వస్తే, చుట్టూ ఉన్నవారు తలా ఒక సలహా ఇస్తారు. దాచడానికి ఏముంది, వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేయమని కొందరంటారు. నోరే విప్పవద్దని మరికొందరంటారు. వాళ్లు అడిగినంత కట్టేసి పీడ వదిలించుకోమనేవారూ ఉంటారు. భయంలో ఉన్న మనిషికి ఈ చివరి సలహా అన్నిటికన్నా తేలిగ్గా కనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా అదే. ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్, వేల్స్‌లకు సంబంధించిన సంగతి. స్కాట్లండ్‌లో నేర విచారణ పద్ధతి వేరు.

ముందుగా అసలు చిక్కు ఎక్కడుందో చూడాలి. యూనివర్సల్ క్రెడిట్‌ను మనిషిని బట్టి కాక ఇంటిని బట్టి లెక్కిస్తారు. 2025-26లో 25 ఏళ్లు నిండిన ఒంటరి వ్యక్తికి నెలకు 400.14 పౌండ్లు మూల భత్యంగా ఇస్తే, జంటకు ఇద్దరికీ కలిపి ఇచ్చింది 628.10 పౌండ్లే. జంట అయితే భాగస్వామి జీతమూ లెక్కలోకి వస్తుంది, అతని పొదుపూ వస్తుంది. ఇద్దరి పొదుపు కలిసి 16,000 పౌండ్లు దాటితే భత్యం మొత్తం ఆగిపోతుంది. అందుకే ఆ ఇంట్లో మగమనిషి ఉంటున్నాడా లేదా అన్న ప్రశ్నకు అధికారులు అంత ప్రాధాన్యం ఇస్తారు.

ఆ ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు ఇరుగుపొరుగు చెప్పుకునేంత సులువుగా ఉండదు. వారానికి మూడు రాత్రులు ఉంటే జంట కింద లెక్క అనే మాట బాగా ప్రచారంలో ఉంది. అలాంటి నియమం ఏ చట్టంలోనూ లేదు. పెళ్లయినవారి విషయంలో, విడాకులు కాకపోయినా సరే, ఇద్దరూ ఒకే కాపురంగా ఉంటున్నారా అన్నదే చూడాలి. ఒకే కప్పు కింద రెండు వేరు కాపురాలు ఉండవచ్చునని కూడా చట్టం ఒప్పుకుంటుంది. పెళ్లికానివారి విషయంలో భార్యాభర్తల్లా కలిసి జీవిస్తున్నారా అని చూస్తారు. అందుకు 1982లో ప్రచురితమైన ఒక తీర్పులో హైకోర్టు ఆమోదించిన గుర్తులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: ఒకే ఇంట్లో నివాసం, బంధంలో స్థిరత్వం, డబ్బు విషయంలో ఆధారపడటం, శారీరక సంబంధం, పిల్లలు, నలుగురిలో జంటగా చలామణి కావడం. వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది నిర్ణయాత్మకం కాదు. ఎందుకు కలిసి ఉంటున్నారన్నది కూడా చూడాలని అదే తీర్పు చెప్పింది. సాయం కోసమో సంరక్షణ కోసమో ఒకరి ఇంట్లో ఒకరు ఉన్నంత మాత్రాన భార్యాభర్తల కింద లెక్కకట్టడానికి వీల్లేదు.

బ్రిటన్‌లోని తెలుగువారికి ఈ గుర్తుల దగ్గరే ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. వీసా మీద ఉన్నవారిలో ఎక్కువమందికి ప్రభుత్వ నిధులు పొందే హక్కు ఉండదు కాబట్టి, ఈ సమస్య ముఖ్యంగా శాశ్వత నివాసమో పౌరసత్వమో వచ్చినవారిది. భర్త విడిగా ఉంటున్న సంగతి ఊళ్లో అత్తమామలకు తెలియదు, కొన్ని ఇళ్లలో కన్నవారికి కూడా తెలియదు. చెల్లెలి పెళ్లికి ఇద్దరూ కలిసి ఇండియా వెళతారు, తమ్ముడి గృహప్రవేశంలో పక్కపక్కనే కూర్చుంటారు, ఆ ఫొటోలను ఎవరో ఫేస్‌బుక్‌లో పెడతారు. ఆయన నలుగురితో పంచుకునే గదిలో ఉంటూ బ్యాంకు ఉత్తరాలు, కారు బీమా, డ్రైవింగ్ లైసెన్సు పాత చిరునామా మీదే ఉంచేస్తాడు. పరువు కోసం ఆమె మోసిన అబద్ధం విచారణాధికారి ఫైలులో కాపురం చేస్తున్నారనడానికి సాక్ష్యంగా మారుతుంది. ఇలాంటి స్త్రీల మీద నాకు జాలి కన్నా ఎక్కువగా ఆందోళన ఉంది, ఎందుకంటే వారు తప్పు చేయకపోయినా తమ వాదన నిరూపించుకునే కాగితాలను తామే తయారు కానివ్వలేదు.

చిరునామాల ఆధారంగా పుట్టే అనుమానం ఎంత గుడ్డిగా ఉండగలదో 2016లో దేశమంతా చూసింది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు అప్పట్లో ఇచ్చిన పన్ను క్రెడిట్లు అనే సాయంలో తప్పులు పట్టే పనిని అక్కడి పన్నుల శాఖ 2014లో కాన్సెంట్రిక్స్ అనే ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ పంపిన ఉత్తరాల్లో ఒకటి జోసెఫ్ రౌన్‌ట్రీ హౌసింగ్ ట్రస్టు ఇంట్లో అద్దెకుంటున్న ఒక చిన్న వయసు తల్లికి చేరింది. ఆమె జోసెఫ్ రౌన్‌ట్రీ అనే వ్యక్తితో కాపురం చేస్తోందన్నది అందులోని ఆరోపణ. ఆ పెద్దమనిషి 1925లోనే చనిపోయాడు. అంతకు ముందు అదే ఇంట్లో ఉండి వెళ్లిన వారి పేర్లతో కూడా స్త్రీలకు ఉత్తరాలు వెళ్లాయి, డబ్బులు ఆగిపోయాయి, ఇళ్లలో వంటకు ఇబ్బంది పడ్డారు. పార్లమెంటులో గొడవ అయ్యాక ఆ ఒప్పందాన్ని 2016లోనే ముగించారు. అనుమానం వచ్చిందంటే ఏదో ఉండే ఉంటుంది అనుకునేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

ఇక ఏది మేలన్న ప్రశ్నకు వస్తే, మొదట ఉత్తరం ఏ రకమైనదో చూడాలి. కంప్లయన్స్ ఇంటర్వ్యూకు పిలిచే ఉత్తరం ఒకటి. ఇది వివరాలు సరిచూసుకునే ప్రక్రియ. దీన్ని పట్టించుకోకపోతే చెల్లింపు నిలిచిపోవచ్చు, కాబట్టి ఇక్కడ మౌనం అన్న మాటే పనికిరాదు. వెళ్లాలి లేదా ఫోనులో మాట్లాడాలి, అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపాలి. రెండోది ఇంటర్వ్యూ అండర్ కాషన్, అంటే నేర విచారణ హెచ్చరికతో జరిగే, రికార్డు చేసే ఇంటర్వ్యూ. ఇది 1984 నాటి పోలీసు, నేర సాక్ష్యాల చట్టం నియమాల ప్రకారం నడుస్తుంది. ఇక్కడికి పిలిచారంటే నేరం జరిగిందన్న అనుమానం అప్పటికే ఉందని అర్థం. బ్యాంకులు, బీమా సంస్థలు, కరెంటు, గ్యాసు కంపెనీల నుంచి వివరాలు తెప్పించుకునే అధికారం వారికి ఉంది. అనుమతి తీసుకుని ఇంటి మీద నిఘా కూడా పెట్టగలరు. మొదటి రకం ఇంటర్వ్యూకు పనికొచ్చే నిక్కచ్చితనం రెండోదానిలో కొంపముంచవచ్చు.

రెండోదానిలో అన్నిటికీ అక్కడికక్కడే జవాబులు చెప్పడం ఎలా ఉంటుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. లెస్టర్‌లో ఒక కేర్ హోమ్‌లో పనిచేసే తల్లి, విడిగా ఉంటున్న భర్త. 'శనివారం రాత్రి ఆయన కారు మీ ఇంటి ముందు ఉంది కదా?' అని అధికారి అడుగుతాడు. 'పిల్లల కోసం వచ్చారండీ.' 'రాత్రి అక్కడే ఉంటారా?' 'అప్పుడప్పుడు.' 'అప్పుడప్పుడంటే వారానికి ఎన్ని రాత్రులు?' 'రెండో మూడో ఉంటాయేమో.' ఆమె నైట్ డ్యూటీ చేసే రాత్రుల్లోనే ఆయన పిల్లల దగ్గర పడుకుంటాడన్నది ఎవరూ అడగలేదు, ఆమెకూ తోచలేదు. ఆ నెల రోస్టరు తీసి చూస్తే అలాంటి రాత్రులు నాలుగే ఉండవచ్చు. కానీ రికార్డులో మిగిలేది 'వారానికి రెండో మూడో' అన్న మాట. నిజాయితీగా చెప్పాలన్న తపనతో అంచనా వేసి చెప్పిన అంకె తర్వాత ఒప్పుకోలుగా చదువుతారు. ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడలేనివారికి ఈ ప్రమాదం రెట్టింపు. దుబాసీని అడిగే హక్కు ఉందని చాలామందికి తెలియదు.

పూర్తి మౌనం ఈ ప్రమాదాన్ని తప్పిస్తుంది. ఈ ఇంటర్వ్యూకు వెళ్లి తీరాలన్న చట్టం లేదు, వెళ్లినా జవాబు చెప్పనవసరం లేదు. అయితే మొదట్లో చదివి వినిపించే హెచ్చరికలోనే దాని ఖరీదు ఉంది: ఇప్పుడు అడిగినప్పుడు చెప్పని విషయం మీద తర్వాత కోర్టులో ఆధారపడితే అది ప్రతికూలంగా పరిణమించవచ్చు. పైగా భత్యం మీద నిర్ణయం తీసుకునే అధికారి ఆమె మాట వినకుండా తన చేతిలో ఉన్న కాగితాలతోనే తీర్మానించేస్తాడు. శాఖ దగ్గర ఉన్న సాక్ష్యం బలంగా ఉండి, ఏం చెప్పినా చిక్కే అనిపించినప్పుడు న్యాయవాది మౌనాన్నే సూచించవచ్చు. అది న్యాయవాది తేల్చాల్సిన సంగతి. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని పాటించకూడదు.

అందుకే నిర్దోషి అయిన తల్లికి మూడో మార్గం మేలని నా గట్టి అభిప్రాయం. ముందుగా కూర్చుని, తేదీలు సరిచూసుకుని, న్యాయవాదితో కలిసి ఒక వాంగ్మూలం రాసుకుని, ఇంటర్వ్యూలో దాన్ని చదివి ఇచ్చి, మిగతా ప్రశ్నలకు జవాబు చెప్పనని మర్యాదగా చెప్పడం ఈ పద్ధతి. వాస్తవాలన్నీ అప్పుడే చెప్పినట్టు అవుతుంది కనుక మౌనం వల్ల వచ్చే నష్టం చాలావరకు పోతుంది, తడబాటుకు చోటుండదు. అందులో రాయాల్సింది భావోద్వేగాలు కాదు: ఆయన ఏ తేదీన వెళ్లిపోయాడు, ఎక్కడ అద్దెకుంటున్నాడు, అద్దె రసీదు, ఆయన పేరిట ఆ చిరునామాలో ఉన్న కౌన్సిల్ పన్ను కాగితం, పిల్లల దగ్గరకు వచ్చే రోజులు, వాటికి సరిపోయే డ్యూటీ రోస్టరు, ఆయన పంపే డబ్బు పిల్లల ఖర్చు కిందే వస్తుందని చూపే బ్యాంకు పద్దు. పెళ్లి ఫొటోలుంటే వాటి సంగతి కూడా దాచకుండా, పెద్దలకు విడిపోయిన విషయం చెప్పలేదని రాయాలి. సిగ్గుపడి ఆ ఒక్క విషయం వదిలేస్తే వాంగ్మూలం మొత్తం బలహీనపడుతుంది. దీనికి ఖర్చు, సమయం పడతాయన్నది నిజం. పోలీసు స్టేషన్‌లో దొరికినట్టు ఇక్కడ ఉచిత న్యాయవాది దానంతట దొరకడు. ఆదాయం తక్కువైతే లీగల్ ఎయిడ్, అంటే ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సాయం, కోసం అడగవచ్చు; సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ, స్థానిక లా సెంటర్లు దారి చూపుతాయి. న్యాయవాది దొరికేదాకా తేదీ మార్చమని కోరడం తప్పేమీ కాదు.

ఇక కట్టేసి వదిలించుకోవడం. విచారణ తర్వాత శాఖ అదనంగా చెల్లించామంటూ ఒక మొత్తం లెక్కకట్టి, కోర్టుకు వెళ్లే బదులు పరిపాలనా జరిమానాకు ఒప్పుకోమని అడగవచ్చు. ఆ జరిమానా అదనపు చెల్లింపులో సగం. 350 పౌండ్లకు తగ్గదు, 5,000 పౌండ్లు దాటదు. 6,000 పౌండ్లు ఎక్కువ తీసుకున్నారన్నారనుకోండి, జరిమానాతో కలిపి 9,000 పౌండ్లు బాకీ పడినట్టు. దానికితోడు నాలుగు వారాల భత్యం కోత పడవచ్చు. దీనివల్ల లాభం ఒకటుంది, అది చిన్నదేమీ కాదు: ఇది నేర నిర్ధారణ కాదు. నర్సుగా, కేర్ వర్కర్‌గా, టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేసేవారికి నేర చరిత్ర లేకపోవడం ఉద్యోగంతో ముడిపడిన విషయం. పౌరసత్వానికి దరఖాస్తు చేసేవారికి సత్ప్రవర్తన ప్రశ్న దగ్గర నేర చరిత్ర అడ్డు వస్తుంది. నిజంగా దాచి, శాఖ దగ్గర రుజువు ఉన్నప్పుడు జరిమానాయే మేలు అనవలసి వస్తుంది.

ఏమీ దాచని మనిషి మాత్రం దీనికి తొందరపడి సంతకం పెట్టకూడదు. కేసు పెట్టడానికి ఆధారం ఉందనుకున్నప్పుడే ఆ జరిమానా ప్రతిపాదించాలి. జరిమానా వద్దన్నంత మాత్రాన కోర్టు కేసు దానంతట మొదలైపోదు, ప్రాసిక్యూషన్ వారు సాక్ష్యం సరిపోతుందా, ప్రజా ప్రయోజనం ఉందా అని చూడాలి. సంతకం పెట్టాక కూడా 14 రోజుల్లో ఉపసంహరించుకోవచ్చు. చాలామంది గమనించనిదేమిటంటే, జరిమానా సంగతి వేరు, భత్యం నిర్ణయం వేరు. 'మీరు జంటే' అన్న నిర్ణయాన్ని నెలలోపు మాండేటరీ రీకన్సిడరేషన్, అంటే శాఖే మళ్లీ పరిశీలించడం, అడిగి ప్రశ్నించవచ్చు, అక్కడా కాదంటే మరో నెలలో స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయవచ్చు. అప్పటికే ఇస్తున్న భత్యాన్ని ఆపినప్పుడు జంట అని చూపాల్సిన భారం శాఖదే. ట్రిబ్యునల్లో ఆమె మాట కూడా సాక్ష్యమే. పొరుగావిడ, బడి టీచరు, ఆయన ఇంటి యజమాని రాసిచ్చిన ఉత్తరాలూ సాక్ష్యమే. అప్పీలులో అదనపు చెల్లింపు లేదని తేలితే కట్టిన జరిమానా తిరిగి ఇవ్వాలి. అంటే జరిమానా కట్టినవారు కూడా అప్పీలు మానుకోవాల్సిన పని లేదు, కానీ మానుకుంటున్నవారే ఎక్కువగా కనిపిస్తారు.

ఇదంతా ఒంటరిగానే ఉంటున్నవారి గురించి. నిజంగానే ఒక తోడు దొరికి, అతను వచ్చి ఇంట్లో ఉండటం మొదలైతే, చెప్పడమా, అడిగేదాకా ఆగడమా అన్న ప్రశ్నకు నా జవాబులో సందేహం లేదు: చెప్పాలి. పిల్లకు తండ్రి కాని, ఆ పిల్లను పోషించే చట్టబద్ధ బాధ్యత లేని మనిషి జీతాన్ని మొదటి నెల నుంచే లెక్కలో కలపడం న్యాయంగా లేదని నేనూ అనుకుంటాను. అమెరికాలో అలబామా రాష్ట్రం తల్లి దగ్గరకు వచ్చిపోయే మగవాడిని పిల్లలకు మారు తండ్రిగా లెక్కకట్టి సాయం ఆపేస్తే, 1968లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని కొట్టేసింది. బ్రిటన్ చట్టం ఆ దారిలో లేదు. నియమం నచ్చలేదని దాచిపెడితే శిక్ష పడేది ఆ తల్లికే. మోసపూరితంగా దాచినట్టు తేలితే చట్టంలో ఏడేళ్ల దాకా జైలుకు వీలుంది. తనంతట తాను ముందే చెప్పినవారి మీద దురుద్దేశం మోపడం కష్టం.

చెప్పేటప్పుడు ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో రాసి, ఆ పేజీని ఫొటో తీసి పెట్టుకోవాలి. అతను తన పేరిట ఖాతా తెరిచి ఆమె ఖాతాకు జత చేయాలి. యూనివర్సల్ క్రెడిట్‌ను నెలవారీ లెక్క కాలం చొప్పున కడతారు కనుక, అతను ఇంట్లో చేరిన లెక్క కాలం ముగియకముందే తెలియజేస్తే తిరిగి కట్టాల్సిన అదనపు సొమ్ము పేరుకోదు. రెండు మూడు నెలలు చూసి నిలబడుతుందనుకుంటేనే చెబుదామని ఆగితే, ఆ రెండు మూడు నెలల సొమ్మును తర్వాతి చెల్లింపుల నుంచి నెలనెలా కోసుకుంటారు, బంధం నిలిచినా నిలవకపోయినా.