డీజే పాటను మెల్లగా పాడాలంటే: గిటారా, కిన్నెరా, ఉత్త గొంతా?

బరాత్‌లో ఊరంతా ఊగిన పాటనే దరువు తీసేసి నిదానంగా పాడాలన్న మోజు మన నల్లగొండ, పాలమూరు పిల్లల్లోనూ కనబడుతోంది. చేతికి ముందు దొరికేది గిటారే. సినిమా మెలోడీ అయితే నేనూ గిటారుకే ఓటేస్తాను. ఆ బాణీలు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపులు, chords) మీదే నడుస్తాయి, గిటారు మెడకు క్యాపో అనే బిగింపు బిగిస్తే ఎవరి శ్రుతికైనా సర్దుకుంటాయి.

చిక్కంతా జానపదం నుంచి డీజేకెక్కిన పాటలతోనే. వాటి బాణీ చాలాసార్లు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతుంది. పాదానికో కార్డు మారిస్తే నాట్లేసేటప్పుడు పాడే పాటకు కాఫీ షాపు వాసన వస్తుంది. పైగా ఆరు మాత్రల్లో ఊగాల్సిన నడకను తీగలన్నీ ఒకేసారి గీకే నాలుగు దెబ్బల స్ట్రమ్మింగ్ చంపేస్తుంది.

ఇలాంటివాటికి కిన్నెర అనే జానపద తీగ వాద్యం మేలు. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, మెట్లు. అది కార్డులు పరచదు, గొంతు వెంట నడిచి పాదానికీ పాదానికీ మధ్య ఖాళీని నింపుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెబుతుంటే వినండి, తెలుస్తుంది. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట ఎత్తుగడలో వినిపించిందీ ఆయనే, 2022లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కిన్నెర హోరులోకి వెళ్లింది, మీరు హోరులోంచి వెనక్కి తేవాలి. కథ ఉన్న పాటకే ఇది కుదురుతుంది. చెవిలో నిలిచే ఒకే హుక్ లైను పదిసార్లు తిప్పే పాటను కిన్నెర మీద పెడితే అందులో సరుకు లేదని అందరికీ తెలిసిపోతుంది.

అయితే కిన్నెర దుకాణంలో కొనుక్కొచ్చేది కాదు. వాయించేది ఎక్కువగా డక్కలి కులం కళాకారులే. వాళ్లను పిలిస్తే కూలి ముందే మాట్లాడుకోండి, వీడియో కింద పేరు వేయండి. కీబోర్డులో దొరికే నకిలీ తీగ మోతతో సరిపెట్టుకునేకంటే ఉత్త గొంతు నయం. ఒకరు ఎత్తుకుంటే ఇద్దరు వంత పాడాలి, కావాలంటే చిడతలు.

వేగం మాత్రం మరీ తగ్గించొద్దు. సగానికి దించితే దీర్ఘాలు సాగి మాట ఏడుపవుతుంది. శ్రుతి దించండి, మాట వేగాన్ని ఉంచండి. గిటారే గతి అయితే బొటనవేలితో ఒకటి రెండు తీగలు మీటుతూ పాడండి, మిగతా నాలుగింటి జోలికి పోవద్దు.