నాలుగేళ్లుగా వెళ్తున్న జిన్ బార్ గురించి

ఈ బార్‌కు నేను నాలుగేళ్లుగా, నెలకు ఒకటి రెండు సార్లు చొప్పున వెళ్తున్నాను. బయట పేరుపలక ఉండదు. పాత భవనం లోపల పుస్తకాల బీరువాలా కనిపించే తలుపును తోసుకుని సన్నటి మెట్లు దిగితే పాతికమంది పట్టే గది వస్తుంది. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం అమల్లో ఉన్న కాలంలో చాటుమాటుగా నడిచిన బార్లను గుర్తుచేసే ఏర్పాటు ఇది. మొదటిసారి ఆ తలుపు నన్ను మురిపించింది, మూడోసారికి మామూలైపోయింది. ఇన్నాళ్లూ నన్ను అక్కడికి రప్పిస్తున్నది జిన్ అనే మద్యాన్ని వాళ్లు పట్టించుకునే తీరు.

జిన్‌లో జునిపర్ అనే పొద కాయల రుచి ముందుండాలి. ధనియాలు, నారింజ తొక్క, ఆంజెలికా వేరు వంటివన్నీ దాని వెనుక నడవాలి. ఇక్కడి పట్టికను ధరల వరుసలో కాకుండా రుచుల వరుసలో, జునిపర్ ఘాటుగా ఉన్నవాటితో మొదలుపెట్టి పూల వాసన గలవాటి వరకు అమర్చారు. ఏది కావాలో తేల్చుకోలేకపోతే రెండు మూడు సీసాల నుంచి కొద్ది చుక్కలు వాసన చూడటానికి ఇస్తారు. లండన్ డ్రై అన్నది ఊరిని కాక తయారీ పద్ధతిని సూచించే పేరని, దాన్ని ఏ దేశంలోనైనా తయారుచేయవచ్చని నాకు తెలిసింది ఆ బల్ల దగ్గరే.

అన్నిటికన్నా మెచ్చుకోవలసింది వీళ్ల మార్టినీని, అంటే జిన్‌లో వెర్మూత్ అనే పరిమళపు వైన్ కలిపి చేసే పానీయాన్ని. గ్లాసును ఫ్రీజర్‌లోంచి అప్పటికప్పుడు తీస్తారు, అదీ చిన్న గ్లాసే, కాబట్టి చల్లదనం పోకముందే పానీయం పూర్తవుతుంది. పెద్ద ఐసు ముక్కలతో నిదానంగా కలుపుతూ, మధ్యలో ఒకసారి రుచి చూసుకుని, కరిగిన నీరు సరిపోయిందనుకున్నాకే వడగడతారు. ఆ నీరు చాలకపోతే మద్యం గొంతులో మండుతుంది, ఎక్కువైతే పరిమళం చప్పబడుతుంది. రెండో ఏడాదిలో ఒకసారి నా మార్టినీ చవి చెడినట్టు అనిపించి ఆ మాటే చెప్పాను. బార్‌టెండర్ వాదించకుండా వెర్మూత్ సీసా వాసన చూసి, మిగిలినదంతా పారబోసి, కొత్తది తెరిచి మళ్లీ చేసి ఇచ్చారు. వెర్మూత్ వైన్ నుంచి చేసేది కనుక మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచినా కొన్ని వారాలకు పాడవుతుంది. అప్పటి నుంచి ప్రతి సీసా మీద తెరిచిన తేదీ రాసిన కాగితం కనిపిస్తోంది.

నెగ్రోనీ అనే పానీయంలో జిన్, కాంపారీ అనే చేదు మద్యం, తీపి వెర్మూత్ సమపాళ్లలో పడతాయి కనుక పలచటి జిన్ ఆ చేదులో ఆనవాలు లేకుండా పోతుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం జిన్‌లో ఆల్కహాలు కనీసం 37.5 శాతం ఉంటే చాలు, కానీ ఇక్కడ నెగ్రోనీకి 45 శాతానికి తగ్గనిదే వాడతారు, ఆ తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. జిన్‌లో కలుపుకునే టానిక్ అనే చేదు సోడాను చిన్న సీసాతో విడిగా ఇచ్చి, ఎంత పోసుకోవాలో మనకే వదిలేయడం కూడా నాకు నచ్చింది. శంఖుపుష్పాలతో రంగు కట్టిన జిన్ నిమ్మరసం తగలగానే నీలం నుంచి ఊదాలోకి మారడం చూడముచ్చటగా ఉంటుంది గాని, తాగితే గుర్తుండే రుచేమీ లేదు.

లోపాలూ ఉన్నాయి. వారాంతాల్లో సంగీతం హోరు వల్ల బార్‌టెండర్‌తో మాట్లాడటమే కష్టం, మాట్లాడలేకపోతే ఇక్కడి ప్రత్యేకత సగం పోయినట్టే. ఆల్కహాలు లేని పానీయాలు మూడేళ్ల పాటు పేరుకే ఉండేవి, ఈ ఏడాదే వాటి మీద శ్రద్ధ పెట్టారు. నన్ను ఎక్కువగా బాధించింది మాత్రం జెనెవర్ సీసాలను తీసేయడం. జిన్ అన్న పేరుకే మూలమైన, ధాన్యపు రుచి నిండుగా ఉండే ఆ డచ్చి మద్యాన్ని అడిగేవారు తక్కువని చెప్పారు. వెళ్లిన ప్రతిసారీ నేను అడుగుతూనే ఉన్నాను.